ఊపు పాట వేదిక మీద ఎందుకు చల్లారిపోతుంది?

రికార్డులో వింటే ఒళ్ళు గగుర్పొడిచే పాట. పాడేవాడి గొంతు బాగుంది, డ్రమ్మరు చేతిలో సత్తువ ఉంది, కీబోర్డు అద్దెదైనా మంచిదే. అయినా కాలేజీ వార్షికోత్సవంలోనో, వినాయక చవితి పందిట్లోనో ఆ పాట ఎత్తుకుంటే రెండో చరణానికల్లా జనం ఫోన్లలో తల దూరుస్తారు. అప్పుడు బ్యాండువాళ్ళు మామూలుగా రెండు పనులు చేస్తారు. సౌండు పెంచమని ఆపరేటరుకు సైగ చేస్తారు, ఆ వెంటనే స్పీడు పెంచుతారు. రెండూ పాటను ఇంకాస్త ముంచుతాయి.

ఊపు పుట్టేది తేడాలో. సన్నగా ఉన్న ధ్వని ఒక్కసారిగా నిండినప్పుడు, కింద తిరుగుతున్న గొంతు పైకి లేచినప్పుడు, ఒక్కడు పాడుతున్న వరుసను పదిమంది అందుకున్నప్పుడు వినేవాడు కదులుతాడు. మొదటి నిమిషంలోనే అన్నీ పతాక స్థాయికి చేర్చేస్తే ఆ తర్వాత లేవడానికి చోటుండదు. ఔత్సాహిక బ్యాండుల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. అందరికీ వాయించాలని ఉంటుంది, అందుకని అందరూ మొదటి నుంచీ వాయిస్తారు.

వేగం

కవాతు పాటలకు నిమిషానికి 120 దెబ్బలు పాత కొలత. ఎన్‌సీసీలో ‘తేజ్ చల్’ అన్నప్పుడు వేసే అడుగులూ దాదాపు అంతే. ఆజాద్ హింద్ ఫౌజ్ కోసం రామ్ సింగ్ ఠాకురీ బాణీ కట్టిన ‘కదం కదం బఢాయే జా’ నడుస్తూ పాడుకునే పాట. అడుగు, ఊపిరి, మాట మూడూ ఒకదానికొకటి సరిపోయే వేగం అది.

120లో ఒక దెబ్బకు అర సెకను. దెబ్బకు నాలుగు అక్షరాలు పడితే ఒక్కో అక్షరానికి సెకనులో ఎనిమిదో వంతు, అంటే 125 మిల్లీ సెకన్లు. వేగం 138కి పోతే అది 109 మిల్లీ సెకన్లకు పడిపోతుంది. పోయింది 16 మిల్లీ సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ తెలుగులో ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ఎక్కువ. వాటి ముందున్న అక్షరం గురువు కావాలంటే నాలుక అక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆగే వ్యవధి లేకపోతే ‘తట్టి లేపు’ అన్నది ‘తటిలేపు’ అవుతుంది. గురువులన్నీ లఘువులైపోయిన పాటలో బిగువు ఉండదు. మాట అర్థం కాని ఉద్రేకం జనానికి అక్కర్లేదు.

వేదిక ఎక్కగానే గుండె వేగం పెరుగుతుంది. డ్రమ్మరు కర్రలు కొట్టి లెక్క పెట్టేది ఆ వేగంతోనే. అందుకని ప్రతి పాట పక్కనా రిహార్సల్లో కుదిరిన వేగాన్ని అంకెలో రాసుకోవాలి. పాటకు ముందు డ్రమ్మరు ఫోన్లో మెట్రోనోమ్ (పెట్టిన వేగానికి టిక్కు టిక్కుమనే యాప్) ఒక్క వాక్యం నిడివి సేపు చెవిలో విని, ఆపేసి, అప్పుడు నాలుగు లెక్క పెట్టాలి. పాట పొడవునా క్లిక్కు పెట్టుకోవడం అలవాటు లేనివాళ్ళకు అదే గుదిబండ అవుతుంది.

రిహార్సల్ రికార్డు చేసి మూడు చోట్ల వేగం కొలవండి: మొదటి పల్లవి, మొదటి బీజీఎం (మధ్యలో వాద్యాలు మాత్రమే మోగే భాగం) తర్వాత చరణం, ఆఖరి పల్లవి. మొదటికీ ఆఖరికీ మూడు నాలుగు దెబ్బలు పెరిగితే అది పాటకు సహజం. పది పెరిగిందంటే కారణం నూటికి తొంభై పాళ్ళు డ్రమ్ రోల్స్‌లో దొరుకుతుంది. రోల్ కొట్టే ఉత్సాహంలో అర దెబ్బ ముందే మొదటి దెబ్బ మీద పడతారు, మిగతావాళ్ళు పరుగెత్తి అందుకుంటారు. రోల్‌ను రెండు దెబ్బలకు కుదించి, ఆ రెండింటినీ నోటితో లెక్క పెడుతూ వాయించడం దీనికి విరుగుడు.

శ్రుతి దగ్గర అసలు చిక్కు

పాట రికార్డులో ఏ శ్రుతిలో ఉందో అందులోనే పాడాలన్న పట్టుదల ఎక్కువ బ్యాండుల్లో ఉంటుంది. సినిమా గాయకుడు స్టూడియోలో ఆ పై స్వరాన్ని ఎన్నిసార్లు పాడి ఒకటి ఉంచాడో మనకు తెలియదు. మన గాయకుడు మాత్రం పన్నెండో పాటగా, దుమ్ములో, మంచినీళ్ళు లేకుండా ఒకే ఒక్కసారి పాడాలి.

ఇక్కడ ఒక పరీక్ష ఉంది. రిహార్సల్ మొదట్లో కాకుండా చివర్లో, గొంతు అలిసిపోయాక, పాటలో అన్నిటికంటే పైకి వెళ్ళే వాక్యాన్ని పూర్తి గొంతుతో వరసగా మూడుసార్లు పాడించండి. మూడోసారీ చీలకుండా వస్తే ఆ శ్రుతి సరే. లేకపోతే అర మెట్టు, అంటే కీబోర్డు మీద పక్క మీటకు, దించి మళ్ళీ చూడాలి. అలాగని సుఖంగా ఉందని మూడు నాలుగు మెట్లు దించేయకూడదు. పై స్వరం అందుకోవడానికి గొంతు పడే శ్రమ వినేవాడికి తెలియాలి, ఉద్రేకంలో సగం అదే. గాయకుడి భద్రమైన పై హద్దుకు ఒకటి రెండు అర మెట్లు కింద పాట శిఖరం ఉండేలా చూసుకుంటే చాలు.

శ్రుతి ఖాయమయ్యాక వాద్యాల గొడవ మొదలవుతుంది. కచేరీ లెక్కలో ఒకటి కట్టె అంటే కీబోర్డు మీద సీ, రెండు డీ, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జీ, ఆరు ఏ, ఏడు బీ. అరలన్నీ నల్ల మీటలు. మగ గొంతులు సాధారణంగా ఒకటి, రెండు మధ్య, ఆడ గొంతులు ఐదు, ఆరు మధ్య హాయిగా ఉంటాయి. గిటారుకు ఈ, ఏ, డీ, జీ ఇష్టం. కీబోర్డుకు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బొత్తాం ఉంది కాబట్టి దానికి ఏదైనా ఒకటే. ఇబ్బందంతా ఊది వాయించే వాద్యాలతో. ట్రంపెట్టూ, పెళ్ళి బ్యాండుల్లో కనిపించే క్లారినెట్టూ బీ ఫ్లాట్ వాద్యాలు. వాయించేవాడు సీ పట్టుకుంటే బయటికొచ్చేది బీ ఫ్లాట్. అందుకని బ్యాండు సీలో ఉంటే అతను డీలో వాయించాలి. ఆల్టో శాక్సోఫోన్ ‘ఈ’ ఫ్లాట్ వాద్యం, బ్యాండు సీలో ఉంటే దానికి ‘ఏ’.

ఇప్పుడు మూడు కట్టెలో, అంటే ‘ఈ’లో, ఒక పాట ఉందనుకోండి. గిటారిస్టుకు పండగ. ట్రంపెట్ మాత్రం ఎఫ్ షార్ప్‌లో, ఆరు షార్ప్‌లతో (అర మెట్టు పెంచిన స్వరాలతో) వాయించాలి. నేర్చుకుంటున్నవాడి వేళ్ళు అక్కడ తడబడతాయి, తడబాటును కప్పుకోవడానికి అతను మెల్లగా ఊదుతాడు, పాటలో మెరవాల్సిన చోట వెలుగు పోతుంది. అర మెట్టు పైకి, ఎఫ్‌కు జరిపితే ట్రంపెట్‌కు జీ, ఒక్క షార్ప్. గిటారిస్టు మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) బిగించి తనకు అలవాటైన ‘ఈ’ కార్డు ఆకారాలే పట్టుకోవచ్చు. గాయకుడికి ఎఫ్ ఎక్కువైతే ‘ఈ’ ఫ్లాట్‌కు దించాలి. అప్పుడు ట్రంపెట్ ఎఫ్‌లో, గిటారు మొదటి ఫ్రెట్ కాపోతో డీ ఆకారాల్లో. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి అందరికీ ఇస్తే రిహార్సల్లో అరగంట మిగులుతుంది.

ఆఖరి పల్లవిని అర మెట్టో, మెట్టో పైకి ఎత్తడం పాత చిట్కా. ఇప్పటికీ పనిచేస్తుంది. సీ నుంచి డీకి వెళ్ళాలంటే దానికి ముందు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ‘ఏ’ సెవెన్త్ కార్డు మీద నిలబడాలి. గాయకుడికి కొత్త శ్రుతి చెవిలో పడేది అక్కడే. బేస్ గిటారు ఆ ఆవర్తంలో తప్పితే పల్లవి మొత్తం గోదాట్లో కలుస్తుంది. తబలా ఉంటే మరో చిక్కు. కుడి తబలాను షడ్జానికి కలుపుతారు, పాట మధ్యలో సుత్తి పట్టుకుని పక్కనున్న చెక్క బిళ్ళలు కొట్టే తీరిక ఉండదు. శ్రుతి మారే పాటలో ఆఖరి పల్లవికి తబలా ఆపి ఢోలక్ అందుకోవడం మేలు. ఢోలక్‌కు శ్రుతి తేడా అంతగా బయటపడదు.

కొన్ని బాణీలు మొదటి మూడు స్వరాలకే ఎందుకు లేపుతాయో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సైన్యంలో ఊదే బ్యూగిల్‌కు మీటలు ఉండవు. పెదవి బిగువు మార్చి దాని నుంచి రాబట్టేవి ప్రధానంగా సా, గా, పా స్వరాలే, వేర్వేరు స్థాయిల్లో. సైనిక సంకేతాలన్నీ ఆ కొద్ది స్వరాలతోనే అల్లినవి. అందుకే కింది పా నుంచి సాకు, సా నుంచి గా మీదుగా పాకు ఎగిరే ఎత్తుగడ వినగానే మనకు కవాతు గుర్తొస్తుంది. అలాంటి ఎత్తుగడ ఉన్న పాటలో ఆ స్వరాల మధ్య గమకాలు జార్చకూడదు. మెట్టు మెట్టుగా, తెంచినట్టు పాడాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న గాయకులకు ఇది చెప్పడం కాస్త కష్టమే.

పదిమంది గొంతు కలిపితే

కోరస్ బలం పెద్ద శబ్దంలో ఉందనుకుంటారు. లెక్క అలా లేదు. ఒకరికి ఇద్దరైతే పెరిగేది 3 డెసిబెల్స్, నలుగురైతే 6. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదిమంది. నలుగురి కోరస్‌తోనే పాట మారిపోవడానికి కారణం వేరు. ఏ ఇద్దరూ సరిగ్గా ఒకే శ్రుతిలో, ఒకే క్షణంలో పాడలేరు. ఆ పిసరంత తేడాలు కలిసి ధ్వనిని వెడల్పు చేస్తాయి, చెవి దాన్ని ‘గుంపు’గా గుర్తుపడుతుంది. ప్రధాన గాయకుడు కోరస్‌తో పాటు అరవకుండా ఊపిరి తీసుకుంటే, ఆ వెడల్పు ఇంకా స్పష్టమవుతుంది.

తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. బుర్రకథలో కథకుడు ఒక్కడు, పక్కన ఇద్దరు వంతలు, ‘తందాన తాన’ అని అందుకుంటారు. ప్రజానాట్యమండలి 1940లలో ఊరూరా జనాన్ని కదిలించింది ఈ ముగ్గురి ప్రక్రియతోనే. షేక్ నాజర్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళారు. ఒకడు అడగడం, ఇద్దరు బదులివ్వడం, మధ్యలో గుమ్మెట మోత: ముగ్గురే అయినా ప్రతి రెండు వాక్యాలకూ తేడా వినిపిస్తూ ఉంటుంది. ఎనిమిది వాద్యాల బ్యాండు ఆ తేడా చూపించలేకపోతే లోపం వాద్యాల సంఖ్యలో లేదు.

జనం చేత కూడా పాడించాలనుకుంటే శ్రుతి గాయకుడి కోసం కాకుండా జనం కోసం పెట్టాలి. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒక స్థాయి తేడాతో అదే వరుస పాడతారు కాబట్టి, పల్లవిలో అన్నిటికంటే పై స్వరం సీ, డీల దగ్గర ఆగితే అందరూ అందుకోగలరు. దాటితే ముందు మగవాళ్ళు మౌనం వహిస్తారు.

తకిట, తకధిమి

ఊరేగింపు ఊపున్న పాటల్లో చాలామటుకు తిశ్ర (దెబ్బకు మూడు) నడకవి, బ్యాండువాళ్ళ మాటలో ‘సిక్స్ ఎయిట్’. హైదరాబాద్ తీన్‌మార్ దెబ్బ అదే. 2023లో ఆస్కార్ గెలిచిన ‘నాటు నాటు’ నడకా అదే. నాలుగు దెబ్బల రాక్ బీటుకు అలవాటుపడిన డ్రమ్మరు దీన్ని తెలియకుండానే చదును చేసేస్తాడు. కాలితో ఒక్కో దెబ్బ వేస్తూ నోటితో ‘తకిట తకిట’ అనాలి. కాలికి ‘త’ కలవాలి. నోరు ‘తకధిమి’ అనేస్తుంటే నడక జారిపోయినట్టే. కీబోర్డులో ‘6/8’ అని ఉండే రెడీమేడ్ స్టైళ్ళలో చాలావాటికి మెల్లగా సాగే జోలపాట లక్షణం ఉంటుంది. వాటిని నమ్ముకుని తీన్‌మార్ వాయించలేరు.

డప్పు పిలిపించుకుంటే దాని అవసరాలు కనుక్కోండి. చర్మం మంట సెగకు కాగితేనే బిగుస్తుంది. ఒక చేతిలో పొట్టి సిర్ర, మరో చేతిలో సన్నటి సిటికెన పుల్ల, ఆ రెండింటి మధ్య తేడా వినిపించేది చర్మం బిగువుగా ఉన్నప్పుడే. రాత్రి తేమకు అరగంటలో సడలుతుంది, ఏసీ హాల్లోనూ మొదటి బిగువు నిలవదు. కార్యక్రమంలో డప్పు పాటలన్నీ ఒకచోట పెట్టి, వాటికి ముందు బయట సెగ చూపించే ఏర్పాటు ఉండాలి. హాలువాళ్ళు నిప్పు ఒప్పుకోకపోతే ఫైబర్ డప్పు తెచ్చుకోవాలి. ధ్వని కొంచెం పొడిగా ఉన్నా రాత్రంతా ఒకేలా మోగుతుంది.

ఎవరు ఎప్పుడు ఆగాలి

నాలుగు నిమిషాల పాటను ఇలా పంచి చూడండి. మొదటి పల్లవికి గొంతు, కీబోర్డులో ఒక్క శ్రుతి నాదం. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు బేస్ గిటారు. మొదటి బీజీఎంలో అందరూ. చరణంలో మళ్ళీ సగానికి సగం తగ్గాలి, డ్రమ్మరు హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మీదే ఉండాలి. చరణం ఆఖరి వాక్యానికి స్నేర్ డ్రమ్ మొదలై, పల్లవికి కోరస్‌తో సహా అంతా నిండాలి. ఆఖరి పల్లవికి ముందు ఒక ఆవర్తం పూర్తి కట్.

ఆ కట్ దగ్గరే అసలు పస బయటపడుతుంది. అందరూ ఆగినా సింబల్ మోగుతూనే ఉంటుంది, చేత్తో పట్టి ఆపాలి. కీబోర్డు పెడల్ మీద కాలు ఉంటే నాదం సాగుతూనే ఉంటుంది. మిక్సర్లో ఎకో వేసి ఉంటే గాయకుడి ఆఖరి మాట నాలుగుసార్లు తిరిగొస్తుంది. ఈ మూడూ చూసుకోకపోతే కట్ అనుకున్నది పొరపాటులా వినిపిస్తుంది.

మరొక మాట. బేస్ గిటారు ఉన్నప్పుడు కీబోర్డు ఎడమ చెయ్యి కింది స్థాయిలో వాయించకూడదు. బేసు, కిక్ డ్రమ్, ఎడమ చెయ్యి మూడూ ఒకే అడుగు పౌనఃపున్యాల్లో గుద్దుకుంటే హాలంతా ‘బూం’ అనే ముద్ద తప్ప ఏమీ వినపడదు. ఒంటరిగా నేర్చుకున్న కీబోర్డు వాద్యకారుడికి రెండు చేతులూ వాయించడం అలవాటు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమని చెప్పడానికి మొహమాటపడొద్దు.

సౌండు, దూరం

మైకు కూత పెట్టడానికి సౌండ్ ఆపరేటర్ని తిట్టడం రివాజు. తప్పు చాలాసార్లు వేదిక మీదే ఉంటుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. కోరస్ నలుగురికీ నాలుగు మైకులు ఇవ్వకుండా రెండు చుట్టూ నిలబెట్టండి. నోటికీ మైకుకూ దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ ఉచితంగా వస్తాయి. మైకు జాలీని గుప్పిట్లో మూసి పాడటం స్టైలు కావచ్చు గానీ, వెనక శబ్దాన్ని తోసిపుచ్చే గుణం ఆ క్షణంలోనే పోతుంది, కూత మొదలవుతుంది. మామూలు కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ పట్టే) మైకుకు వెనక వైపు వినికిడి అతి తక్కువ. గాయకుడికి తన గొంతు వినిపించే మానిటరు స్పీకరు సరిగ్గా దాని వెనక, అతనికి ఎదురుగా ఉండాలి.

శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు వెళ్తుంది. వేదిక ఒక చివర డ్రమ్స్, 10 మీటర్ల అవతల కోరస్ ఉంటే దెబ్బ అటు చేరేసరికి 29 మిల్లీ సెకన్లు గడుస్తాయి. 120 వేగంలో అక్షరానికి ఉన్నది 125 అని పైన చూశాం, అందులో నాలుగో వంతు ఆలస్యమన్నమాట. వేదిక విశాలంగా ఉందని నలుమూలలా పరుచుకోకుండా డ్రమ్స్ చుట్టూ మూడు నాలుగు మీటర్లలో అందరూ ఉండటం మంచిది. ఫొటోల్లో అందం తగ్గినా లయ నిలబడుతుంది.

రిహార్సల్ గదిలో చెవుల సంగతి కూడా చూసుకోవాలి. 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చన్నది ఆరోగ్య నిపుణుల హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన 100 దాటడం పెద్ద విశేషం కాదు.

ఇంత తంటా పడి వాయించిన పాట పాతికేళ్ళ తర్వాత కూడా ఎందుకు తియ్యగా గుర్తుంటుందన్న దానికి కొంత ఆధారం ఉంది. పదేళ్ళకూ ముప్ఫై ఏళ్ళకూ మధ్య జరిగినవి పెద్దయ్యాక ఎక్కువ గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. కాలేజీ బ్యాండు వయసు అదే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పడవ పందెం జట్టు మీద చేసిన పరీక్షలో, ఒంటరిగా తెడ్డు వేసినప్పటి కంటే జట్టుగా ఒకే లయలో వేసినప్పుడు నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది, పడ్డ శ్రమ సమానమే అయినా. లయ కలిసినప్పటి ఆ సుఖం ప్రేక్షకుడి కంటే వాయించేవాడికే ఎక్కువ అందుతుంది. చప్పట్లు రాని కార్యక్రమాన్ని కూడా సభ్యులు అద్భుతంగా ఉందని చెప్పుకోవడం అందుకే. రికార్డింగ్ వింటే గానీ నిజం తెలియదు.

ఆఖర్న జాతీయ గీతం

ఎక్కువ కార్యక్రమాలు దీనితో ముగుస్తాయి, ఎక్కువ బ్యాండులు దీన్ని రిహార్సల్ చెయ్యవు. పూర్తి గీతానికి ప్రభుత్వం నిర్ణయించిన వ్యవధి సుమారు 52 సెకన్లు. మీది 65 సెకన్లు పట్టిందంటే ఈడ్చినట్టే. 1919లో మదనపల్లెలో ఉన్నప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ దీనికి ఆంగ్లానువాదం చేసుకున్నారు, అక్కడే ఐరిష్ సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారు. బీజీఎంలు, కొత్త హంగులు దీనికి అక్కర్లేదు.

బ్యాండు వాయించేటప్పుడు గీతానికి ముందు డ్రమ్ రోల్ ఎలా ఉండాలో ప్రభుత్వ ఉత్తర్వుల్లోనే ఉంది. నెమ్మది కవాతులో ఏడు అడుగులు పట్టేంత సేపు రోల్ సాగాలి. మెల్లగా మొదలై, వీలైనంత గట్టిగా పెరిగి, మళ్ళీ మొదటి మెత్తదనానికి తగ్గుతూ, ఏడో దెబ్బ దాకా వినిపిస్తూనే ఉండాలి. తర్వాత ఒక్క దెబ్బ నిశ్శబ్దం, అప్పుడు గీతం. పాట మొత్తం ఎలా కట్టాలో ఆ రెండు మూడు వాక్యాల్లో చెప్పినంత బాగా ఏ సంగీతం మాస్టారూ చెప్పలేదు.

షడ్జం ఒకటి కట్టె దగ్గర పెడితే జనం మొత్తం ‘జయహే’ దాకా ఇబ్బంది లేకుండా పాడతారు. మొదలుపెట్టే ముందు కీబోర్డు ట్రాన్స్‌పోజ్ సున్నాకు వచ్చిందో లేదో చూడాలి. ముందరి పాటకు నాలుగు మెట్లు పైకి పెట్టి మరిచిపోతే అప్పటికే లేచి నిలబడ్డ సభ ముందు దిద్దుకునే దారి ఉండదు. లౌడ్‌స్పీకర్లకు అనుమతి మామూలుగా రాత్రి 10 గంటల వరకే కాబట్టి, ఈ 52 సెకన్లనూ, అంతకు ముందరి రోల్‌నూ కలుపుకుని ఆఖరి పాటను 9.50కల్లా ముగించేలా జాబితా వేసుకోండి.